మా అమ్మ డోల్మాబాచే చూసిన రోజు

మా ఇంట్లో నిలోఫర్ అంటే ఆసుపత్రి. అది ఒక మనిషి పేరని పదో తరగతి దాకా నాకు తెలియదు. అమ్మ రెడ్ హిల్స్‌లోని ఆ పిల్లల ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. "నిలోఫర్‌ల డ్యూటీ", "నిలోఫర్ బస్సు", "నిలోఫర్ దగ్గర చాయ్" అని ఆ పేరు మా ఇంట్లో కుక్కర్ విజిల్ లాగా రోజూ వినపడేది.

ఆ పేరు వెనక ఉన్న నిలోఫర్ ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చిన్న కోడలు. ఇస్తాంబుల్‌లో పుట్టింది, ఒకప్పుడు టర్కీని ఏలిన ఒట్టోమన్ సుల్తానుల వంశపు రాచబిడ్డ. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే, ఇలా ఇంకొకరు పోకూడదని పట్టుబట్టి ఆసుపత్రికి పునాది వేయించింది. అది 1953లో మొదలైంది. ఆమెకు మాత్రం పిల్లలు లేరు. ఈ కథ అమ్మ చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగేది.

పెద్ద కోడలు దుర్రుషెహ్వార్. ఒట్టోమన్ వంశంలో ఆఖరి ఖలీఫా, అంటే ముస్లింల మతపెద్ద, రెండో అబ్దుల్ మెజీద్ కూతురు. పురానీ హవేలీ దగ్గర ఆమె పేరు మీద కూడా పిల్లల ఆసుపత్రి ఉంది. 2023 జనవరిలో ఆమె కొడుకు ముకర్రం జా ఇస్తాంబుల్‌లో చనిపోతే భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చి, చౌమహల్లాలో ఉంచి, మక్కా మసీదులో ఖననం చేశారు. అదంతా టీవీలో చూస్తూ అమ్మ అంది: "వీళ్లమ్మది ఏ ఇల్లో ఒకసారి చూడాలె."

ఆ ఇల్లే ఇస్తాంబుల్‌లోని డోల్మాబాచే ప్యాలెస్. ఆ మాట పట్టుకుని మేం అక్కడికి వెళ్లేసరికి ఏడాదిన్నర పట్టింది.

ముందు వీసా గురించి రెండు ముక్కలు, ఎవరికైనా పనికొస్తుంది. మన దగ్గర అమెరికా, యూకే, షెంజెన్ వీసాల్లో ఏదో ఒకటి చెల్లుబాటులో ఉంటే టర్కీకి ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. నాకు అమెరికా వీసా ఉంది కాబట్టి పావుగంటలో పనైపోయింది. అమ్మకు లేదు. ఆమెకు స్టిక్కర్ వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితాలు, హోటల్ బుకింగు, అన్నీ కట్టగట్టి ఇవ్వాల్సి వచ్చింది. పాస్‌పోర్టు చేతికొచ్చే దాకా టెన్షనే.

ఇక తప్పు మాది కాదు, మా ప్రోగ్రాం వేసిచ్చిన ట్రావెల్ ఏజెంటుది. "సోమవారం డోల్మాబాచే, మంగళవారం తోప్‌కాపీ" అని రంగురంగుల పీడీఎఫ్‌లో రాసిచ్చాడు. సోమవారం డోల్మాబాచే మూసి ఉంటుంది. సుల్తానుల పాత ప్యాలెస్ తోప్‌కాపీ మంగళవారం మూసి ఉంటుంది. రెండింటినీ సరిగ్గా వాటి సెలవు రోజునే పెట్టాడు. కావాలని వెతికినా అంత కచ్చితంగా కుదరదు.

ఆ సంగతి తెలియక సోమవారం పొద్దున్నే బయల్దేరాం. సుల్తానహ్మత్ నుంచి టీ1 ట్రామ్ ఎక్కితే ఆఖరి స్టాపు కబాతాష్. అక్కడి నుంచి నడక పది నిమిషాలు, అమ్మ మోకాళ్లతో పావుగంట. దారిలో నీళ్ల ఒడ్డున డోల్మాబాచే మసీదు, తర్వాత అబ్దుల్ హమీద్ కాలంలో కట్టిన గడియార స్తంభం, ఆ తర్వాత గేటు. గేటు ముందు ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. కాపలాదారు చేత్తో కత్తెర లాగా సైగ చేసి "పజార్‌తెసీ, క్లోజ్డ్" అన్నాడు. పజార్‌తెసీ అంటే సోమవారం.

అమ్మకు కోపం రాలేదు. "ఓపీ లేని రోజు వచ్చినం" అని గడియార స్తంభం పక్కనున్న టీ కొట్టులో కూర్చుంది. ఎదురుగా బోస్ఫరస్, అవతలి ఒడ్డు ఆసియా. నడుం సన్నగా ఉన్న చిన్న గ్లాసులో ఎర్రటి టీ ఇచ్చారు. పాలు ఉండవు. అమ్మ ఒక గుటక వేసి గ్లాసు కింద పెట్టింది.

అక్కడ కూర్చునే డోల్మాబాచే అనే పేరు సంగతి చదివి వినిపించాను. ఒకప్పుడు అది సముద్రం. ఓడలు ఆగే చిన్న అఖాతం. పదిహేడో శతాబ్దంలో దాన్ని పూడ్చి తోట వేశారు. 'డోల్మా' అంటే కూరినది, 'బాచే' అంటే తోట, మన బాగీచానే. టర్కీలో కూర నింపిన వంకాయను కూడా డోల్మా అంటారు. "అంటే ఇది గుత్తొంకాయ తోటనా?" అంది అమ్మ. ఆ తర్వాత మూడు రోజులూ ఆ ప్యాలెస్‌ను ఆమె మరో పేరుతో పిలవలేదు.

బుధవారం మళ్లీ వెళ్లాం, ఈసారి గేటు తెరిచే తొమ్మిదింటికల్లా. టికెట్ ఖరీదెక్కువే, ముందే చెప్తున్నా. కానీ అందులోనే సలామ్‌లిక్, హరెం, పెయింటింగ్ మ్యూజియం మూడూ వస్తాయి. సలామ్‌లిక్ అంటే మగవాళ్లు కొలువు తీరే భాగం, సలాము చేసే చోటు. హరెం అంటే ఆడవాళ్లు ఉండే భాగం. ఎయిర్‌పోర్టులో లాగే బ్యాగు స్కానింగు. తర్వాత ఆడియో గైడు కౌంటర్లో ఏదో ఒక గుర్తింపు కార్డు పెట్టమన్నారు. పాస్‌పోర్టు ఇవ్వడానికి మనసొప్పక నా డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చాను, తీసుకున్నారు. భాషల జాబితా పొడుగ్గానే ఉంది, తెలుగు మాత్రం లేదు. నేను ఇంగ్లిషులో విని అమ్మకు చెప్పడం, అమ్మ వినకుండా ఇంకోవైపు చూడడం, రోజంతా ఇదే పద్ధతి.

లోపలికి వెళ్లే ముందు చెప్పుల మీద తొడుక్కోమని నీలం రంగు ప్లాస్టిక్ కవర్లు ఇచ్చారు. టూరిస్టులంతా ఒంటికాలి మీద ఎగురుతూ, గోడ పట్టుకుంటూ అవస్థ పడుతుంటే, అమ్మ నిలబడిన చోటే ఎడమ కాలు, కుడి కాలు, రెండు సెకన్లలో వేసేసుకుంది. "ఓటీల రోజుకు పదిసార్లు ఏసేటోళ్లం" అంది. ఆ ప్యాలెస్‌లో ఆమెకు మొదట చనువైంది ఆ చెప్పుల కవరే.

లోపల ఫొటోలు తీయనివ్వరు. ప్రతి గదిలో ఒక గార్డు. అమ్మ ఫోను బయటికి తీయగానే ఒక కుర్ర గార్డు పరుగున వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "తేయ్‌జే, నో ఫోటో" అన్నాడు. తేయ్‌జే అంటే అమ్మ అక్కచెల్లెళ్లను పిలిచే పిలుపు, పెద్దమ్మ, చిన్నమ్మ అన్నట్టు. పెద్ద వయసు ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారట. అర్థం చెప్పగానే అమ్మ ఫోను సంచిలో వేసేసింది. మేడం అని ఉంటే వాదించేది, నాకు తెలుసు.

డోల్మాబాచేను సుల్తాన్ మొదటి అబ్దుల్ మెజీద్ కట్టించాడు. 1843లో మొదలై 1856లో పూర్తయింది. కట్టింది బల్యాన్ కుటుంబం వాళ్లు, అర్మేనియన్లు, తండ్రి గారాబెత్, కొడుకు నికోగోస్. అప్పటిదాకా నాలుగు వందల ఏళ్లుగా సుల్తానులు తోప్‌కాపీలో ఉన్నారు. అక్కడ గదులు చిన్నవి, కూర్చునేది దివాన్ల మీద. ఇక్కడ అంతా యూరప్ పద్ధతి, కుర్చీలు, బల్లలు, అద్దాలు. 285 గదులు, 46 హాళ్లు, 6 హమాంలు (స్నానశాలలు), 68 మరుగుదొడ్లు. నీటి ఒడ్డున 600 మీటర్ల పొడవు. కప్పులకు పూసిన బంగారమే 14 టన్నులని చెబుతారు. మొత్తం ఖర్చు 50 లక్షల బంగారు లీరాలు. సామ్రాజ్యం చేతిలో అంత డబ్బు లేదు. 1854లో మొదటిసారి విదేశాల నుంచి అప్పు తెచ్చింది క్రిమియా యుద్ధం కోసమే కానీ, ఒకవైపు అప్పు, ఇంకోవైపు ఈ ప్యాలెస్, రెండూ ఒకేసారి నడిచాయి. 1875కల్లా దివాలా. గది తర్వాత గదిలో ఆ మెరుపు చూస్తుంటే నాకు బాగున్నట్టే ఉంది, ఊపిరాడనట్టూ ఉంది. ఒక్క గోడ కూడా ఖాళీగా వదల్లేదు. నాకు తోప్‌కాపీనే నచ్చింది, అక్కడ గాలి ఆడుతుంది.

స్ఫటికాల మెట్లు మాత్రం వేరు. గుర్రపు నాడా ఆకారంలో రెండు వైపులా తిరిగి పైకి వెళ్తాయి, చేతిపట్టె కింద పిల్లర్లన్నీ ఫ్రాన్సు వాళ్ల బకరా (Baccarat) కంపెనీ క్రిస్టల్. పొద్దుటి వెలుతురు పైన అద్దాల కప్పు నుంచి పడి ఒక్కో పిల్లరులో చిన్న మంటలా నిలబడింది. చెయ్యి వేయడానికి లేదు, తాడు కట్టారు. అమ్మ మోకాలు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది కాబట్టి మేం వాటిని అందరికంటే ఎక్కువసేపు చూశాం.

తర్వాత కొలువు హాలు, ముఆయెదే సలోను. ముఆయెదే అంటే పండగ శుభాకాంక్షలు చెప్పుకోవడం. బక్రీదు, రంజాన్‌లకు సుల్తాను ఇక్కడ సింహాసనం వేసి కూర్చునేవాడు. 56 స్తంభాలు, 36 మీటర్ల ఎత్తున గుమ్మటం, దాని నడుమ నుంచి వేలాడుతూ నాలుగున్నర టన్నుల షాండ్లియర్. మొదట బొగ్గు గ్యాసుతో వెలిగేది, తర్వాత కరెంటుకు మార్చారు. ఇది విక్టోరియా రాణి ఇచ్చిన కానుక అని చాలా కాలం అందరూ చెప్పుకున్నారు, పాత గైడు పుస్తకాల్లో అలాగే ఉంటుంది. 2006లో రసీదు దొరికింది. పైసాతో సహా కట్టి కొన్నదే. రాణిగారి కానుక కథ ఒక్క రసీదుతో పోయింది.

అమ్మ తల ఎత్తి చాలాసేపు చూసి, "మన చౌమహల్లాల పంతొమ్మిది ఉన్నయి" అంది. అవి ఇంత పెద్దవి కావు కదా అంటే, "పెద్దగుంటే ఏంది, అవి పంతొమ్మిది" అంది. చౌమహల్లాను బాగుచేయించి మ్యూజియంగా తెరిపించింది ఎవరో తెలుసా అని అడిగాను. ముకర్రం జా మొదటి భార్య ఎస్రా, ఆమెదీ టర్కీనే. అప్పుడు అమ్మ షాండ్లియర్‌ను మళ్లీ ఒకసారి చూసింది, ఈసారి కాస్త మర్యాదగా.

నేను వచ్చింది ఈ హాలు కోసం కాదు. పై అంతస్తులో ఒక గది ఉంది, తలుపు దగ్గర 'క్యుతుప్‌హానె' అని రాసి ఉంటుంది. పాతబస్తీలో పెరిగిన వాళ్లెవరికైనా ఆ మాట చదవగానే అర్థమవుతుంది, కుతుబ్‌ఖానా. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మెజీద్ ఎఫెందీ లైబ్రరీ అది. చెక్కడం పనితో ముదురు రంగు బీరువాలు, పుస్తకాలు, ఒక బల్ల. ప్యాలెస్ మొత్తంలో ఒక మనిషి కూర్చుని ఏదో పని చేసుకున్నట్టు కనిపించిన గది ఇదొక్కటే. ఎక్కువమంది ఆగకుండా వెళ్లిపోతున్నారు. షాండ్లియర్ చూసి వచ్చాక పుస్తకాలు ఎవరికి కావాలి?

ఈయన దుర్రుషెహ్వార్ తండ్రి. బొమ్మలు వేసేవాడు, సంగీతం తెలిసినవాడు. 1922 నవంబరులో సుల్తాను పదవిని రద్దు చేశారు. ఆఖరి సుల్తాను ఇంగ్లిషు వాళ్ల యుద్ధనౌకలో వెళ్లిపోయాడు. అప్పుడు అంకారా పార్లమెంటు ఈయన్ను ఖలీఫాగా ఎన్నుకుంది, రాజ్యం లేని పెద్దరికం. ఈ ఇంట్లో పదిహేను నెలలు ఉన్నాడు. 1924 మార్చి 3న ఖిలాఫత్‌ను కూడా రద్దు చేసి, వంశంలో అందరూ దేశం విడిచి పోవాలని చట్టం చేశారు. ఆ రాత్రే పోలీసులు ప్యాలెస్ చుట్టూ నిలబడ్డారు. తెల్లవారకముందే ఖలీఫానూ కుటుంబాన్నీ కార్లలో ఎక్కించారు. ఊళ్లో ఉన్న సిర్కెజీ స్టేషనుకు తీసుకెళ్తే జనం పోగవుతారని, ఊరి బయట చతల్జా స్టేషనుకు తీసుకెళ్లి అక్కడ రైలెక్కించారు. దుర్రుషెహ్వార్‌కు అప్పుడు పదేళ్లు.

ఇది చెప్తుంటే అమ్మ మొదటిసారి నా మాట పూర్తిగా వింది. తర్వాత, "పదేండ్లంటే ఇరవై ఎనిమిది, ముప్ఫై కిలోలుంటది" అంది. పిల్లల ఆసుపత్రిలో వయసు చెప్తే వాళ్లకు ముందు బరువు గుర్తొస్తుంది, మందు డోసు దాన్నిబట్టే కదా. "అర్ధరాత్రి నిద్రల్నుంచి లేపి మార్చి చలిల కారెక్కిస్తే పిల్లకు దగ్గు పట్టుకుంటది" అని కూడా అంది. వందేళ్ల కిందటి దగ్గు.

వాళ్లు స్విట్జర్లాండ్ మీదుగా ఫ్రాన్సులో నీస్ చేరారు. ఖలీఫాకు నిజాం నెలకు 300 పౌండ్ల పింఛను పంపేవాడు. 1931 నవంబరులో నీస్‌లోనే ఇద్దరు ఒట్టోమన్ అమ్మాయిలకు నిజాం ఇద్దరు కొడుకులతో పెళ్లి, ఆజం జాతో దుర్రుషెహ్వార్‌కు, మొఅజ్జం జాతో నిలోఫర్‌కు. దుర్రుషెహ్వార్‌కు పదిహేడు, నిలోఫర్‌కు పదిహేను. నిలోఫర్ ఈ ఇంటి పిల్ల కాదు, అయిదో మురాద్ వంశం. ఆ మురాద్ 1876లో 93 రోజులు మాత్రం సుల్తాను. తర్వాత ఆయన్ను దింపేసి ఇదే ఒడ్డున కాస్త ముందుకెళ్తే వచ్చే చిరాగన్ ప్యాలెస్‌లో బందీగా ఉంచారు, చచ్చిపోయేదాకా. ఇప్పుడది ఫైవ్ స్టార్ హోటల్.

హరెంకు మళ్లీ వేరే ద్వారం, వేరే క్యూ. పదకొండు దాటాక బస్సుల్లో గుంపులు దిగుతాయి. ఆ క్యూలో మా ముందు ఒక చిన్న పిల్లాడు "అన్నే! అన్నే!" అని ఏడుస్తున్నాడు. అమ్మ చుట్టూ చూసి "వాళ్లన్న ఏడి, తప్పిపోయిండా?" అని కంగారు పడింది. టర్కిష్‌లో అన్నే అంటే అమ్మ. వాడి అమ్మ పక్కనే నిలబడి ఫోను చూసుకుంటోంది.

హరెం అనగానే ఏదో ఊహించుకుని వచ్చేవాళ్లకు నిరాశే. సలామ్‌లిక్‌తో పోలిస్తే సాదాగా ఉంటుంది. నేల మీద చాపల లాంటి తివాచీలు, ఇనుప మంచాలు, పిల్లలు చదువుకునే గది. నీలం హాలు, గులాబీ హాలు అందంగానే ఉన్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం హరెం నుంచి కొలువు హాలు వైపు వెళ్లే పొడవాటి నడవ. దాని కిటికీలకు జాలీలు. పండగ రోజు కింద మగవాళ్లు వరసగా సుల్తానుకు సలాము చేస్తుంటే ఆడవాళ్లు ఇక్కడి నుంచి చూసేవాళ్లు. నేను జాలీకి కన్ను ఆనించి చూశాను. పొద్దున మేం తల ఎత్తి నోరు తెరుచుకుని చూసిన షాండ్లియర్ ఇక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా కనిపించింది. పదేళ్ల పిల్ల ఎత్తుకు కిటికీ అందుతుందా అని అమ్మ చేత్తో కొలిచి చూసింది. మునివేళ్ల మీద నిలబడితే అందుతుంది.

టర్కీ రిపబ్లిక్ మొదటి అధ్యక్షుడు అటాతుర్క్ గది కూడా హరెం వైపే ఉంది. ఆ వంశాన్ని పంపేసిన మనిషి ఇస్తాంబుల్ వచ్చినప్పుడు ఈ ప్యాలెస్‌లోనే దిగేవాడు, 1938 నవంబరు 10 ఉదయం 9 గంటల 5 నిమిషాలకు ఇక్కడే పోయాడు. చిన్న గది, చెక్క మంచం, దాని మీద పరిచిన టర్కీ జెండా. గడియారం 9:05 దగ్గర ఆపేసి ఉంది. ఏటా ఆ రోజు ఆ నిమిషానికి దేశమంతా సైరన్లు మోగుతాయి, రోడ్ల మీద బండ్లు ఆగిపోతాయి. గదిలో అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. ఒక ముసలాయన చేతులు కిందికి చాపి స్కూలు పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు.

అమ్మ నా చెవి దగ్గరికొచ్చి "ఏం జబ్బు?" అంది.

"లివర్, సిరోసిస్."

"కడుపుల నీళ్లు తీసిన్రా?"

"తీశారంట, ఒకటి కన్నా ఎక్కువసార్లు."

మంచాన్ని ఇటు నుంచి అటు చూసింది. "ఇంత తక్కువ ఎత్తు మంచం మీద పేషెంటును తిప్పాలంటే నర్సు నడుం పోతది" అంది. గడియారం చూసి, "టైం మంచిగ రాసి పెట్టిన్రు. కేసు షీటు మీద మేం గూడ గట్లనే రాస్తం." జెండా కప్పిన ఆ మంచం ముందు అంతమంది నిలబడ్డారు కానీ, దాని పక్కన రాత్రంతా మేలుకున్న నర్సుల గురించి ఆలోచించింది మా అమ్మ ఒక్కతే అనుకుంటా.

పెయింటింగ్ మ్యూజియం పక్కనే, ఒకప్పటి యువరాజుల భవనంలో. నిజానికి దానికి సగం రోజు కావాలి, ఐవజోవ్‌స్కీ అనే చిత్రకారుడు వేసిన సముద్రాల బొమ్మలకే ఒక హాలు ఉంది. అమ్మ మోకాళ్లు అప్పటికే చేతులెత్తేశాయి. ఆమెను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి నేను అరగంటలో చుట్టి వచ్చాను, అంటే చూడనట్టే. మీరు వెళ్తే ముందు ఇదే చూసి తర్వాత హరెంకు వెళ్లండి.

ఆడియో గైడు ఇచ్చేసి, లైసెన్స్ తీసుకుని, మళ్లీ సోమవారం నాటి టీ కొట్టుకే వచ్చాం. అదే ఎర్ర టీ. ఈసారి అమ్మ సంచిలోంచి ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్ తీసింది, హైదరాబాద్ నుంచి వారం రోజులుగా మోస్తోంది. ఒకటి టీలో ముంచింది. సగం విరిగి గ్లాసు అడుగున పడింది. "పాలు లేని చాయ్‌ల నిలబడతలేదు" అని చెంచాతో తీసుకుని తింది.

గ్లాసులు తీయడానికి వచ్చిన కుర్రాడు ఎక్కడి నుంచి అని అడిగాడు. హిందిస్తాన్ అన్నాను. ఢిల్లీనా? కాదు, హైదరాబాద్. ఆ పేరు అతనికి తగల్లేదు. అమ్మ తన వైపు వేలు చూపించుకుని, వచ్చిన ఇంగ్లిషులో, "ఐ వర్క్, నిలోఫర్. నిలోఫర్ హాస్పిటల్" అంది.

"నిలుఫెర్!" కుర్రాడి మొహం విప్పారింది. "మై అబ్లా, నేమ్ నిలుఫెర్!"

అబ్లా అంటే అక్క. నిలుఫెర్ అంటే కలువ, అక్కడ ఆడపిల్లలకు మామూలుగా పెట్టుకునే పేరు. అక్క ఎక్కడుంటుంది, పెళ్లయిందా, పిల్లలెంతమంది అని అమ్మ తెలుగులో అడుగుతోంది, అతను టర్కిష్‌లో చెప్తున్నాడు, మూడు వేళ్లు చూపించాడు. ముగ్గురు పిల్లలు. అమ్మ మిగిలిన బిస్కెట్ల ప్యాకెట్ మూతి మడిచి అతని చేతిలో పెట్టింది.

"మీ అక్కకియ్యి" అంది.